ఆగిన వ్యాయామం మళ్ళీ మొదలెట్టడం: పర్లాకిమిడి నుంచి నా అనుభవం

పరుగైనా, దండీలు బస్కీలైనా, బరువులైనా, కొంతకాలం ఆపి మళ్ళీ మొదలెట్టినవాళ్ళు దెబ్బతినేది మొదటి వారంలో కాదు. మొదటి వారం ఆయాసమే మనిషిని పట్టి ఆపుతుంది. అసలు గండం రెండో వారం దాటాక వస్తుంది. అప్పటికి ఊపిరి కుదుటపడి ఉంటుంది, కాళ్ళు తేలిగ్గా ఆడుతుంటాయి, పాత వేగం గుర్తొస్తుంది. సరిగ్గా అప్పుడే మడమ వెనకో, మోకాలి చిప్ప కిందో, మోకాలి దిగువన ముందెముక లోపలి అంచునో ఒకేచోట నొప్పి పుడుతుంది. ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఏటా ఏదో ఒక అడ్డంకి తర్వాత నేను మళ్ళీ మొదలెడుతూనే ఉంటాను. నాతోపాటు తెల్లారగట్ల వచ్చే జట్టులోనూ ఈ వరసే చూస్తున్నాను. కారణం తెలిస్తే దీన్ని తప్పించుకోవడం కష్టమేమీ కాదు.

వ్యాయామం ఆపగానే ముందుగా తగ్గేది రక్తంలోని నీటిభాగం, అంటే ప్లాస్మా. అది కొద్దిరోజుల్లోనే తగ్గిపోతుంది. గుండె ఒక్కో దెబ్బకి తోసే రక్తం తగ్గుతుంది కాబట్టి, పాత వేగంతోనే పరిగెత్తినా నాడి ఎక్కువసార్లు కొట్టుకోవాలి. మూడు నాలుగు వారాల విరామం తర్వాత మొదటిరోజు గుండె దడదడలాడడానికి పెద్ద కారణం ఇదే. కానీ పోయినంత బేగి అది తిరిగి కూడా వస్తుంది, వారం పదిరోజులు చాలు. కండబలం ఇంకా నయం, మూడు నాలుగు వారాలదాకా పెద్దగా తగ్గదు. నెలల తరబడి ఆగితే తగ్గినా, మొదటిసారి సంపాదించడానికి పట్టినంత కాలం రెండోసారి పట్టదు. వెనకపడేది టెండన్లు, అంటే కండను ఎముకకు కలిపే పట్టీలు. వాటికి రక్తప్రసరణ తక్కువ, మార్పు నెమ్మది. మళ్ళీ గట్టిపడడానికి నెలలు పడుతుంది. ఎముకకీ అంతే. గుండె, కండ సిద్ధమైపోయి పరుగుకి తొందరపెడుతుంటాయి, పట్టీలు ఇంకా బలహీనంగానే ఉంటాయి. ఈ తేడా ఉన్నన్నాళ్ళూ ఊపిరి చెప్పే మాట మీద నేను వేగం పెంచను.

మా ఊళ్ళో విరామాలు ఎప్పుడొస్తాయో దాదాపు ముందే తెలుసు. ఏప్రిల్, మే నెలల ఎండ. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, పొలం ఉన్నవాళ్ళకి ఉడుపులు. అక్టోబరులో తుపాన్ల భయం. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లా మీదుగా వెళ్ళినప్పుడు కొండచరియలు విరిగి ప్రాణాలే పోయాయి. చెట్లు, కరెంటు తీగలు రోడ్డుకి అడ్డంగా పడి ఉన్న రోజుల్లో పరుగు ఊసెవరెత్తుతారు? ఆ తర్వాత కోతలు, పెళ్ళిళ్ళు. వీటి మధ్య జ్వరాలు సరేసరి. ఇన్ని అడ్డాలున్నచోట ఆపకుండా చెయ్యడమెలా అన్న ప్రశ్న కన్నా, ఎలా ఆపాలి, ఎలా తిరిగి రావాలి అన్న ప్రశ్నలే ఎక్కువ పనికొస్తాయి.

తిరిగొచ్చేటప్పుడు నేను రెండు సంగతులు చూసుకుంటాను: ఎన్నాళ్ళు ఆగింది, ఎందుకు ఆగింది.

వారం లోపు ఆగితే లెక్కలోకి తీసుకోను. మొదటిరోజు కాస్త తేలిగ్గా చేసి, రెండో విడత నుంచి మామూలే. రెండు మూడు వారాలు ఆగితే, పాత దూరంలో సగంతో మొదలెట్టి రెండు వారాల్లో పాత చోటికి చేరతాను. నెల దాటితే పాత దూరాన్ని మర్చిపోయి, అందులో మూడో వంతుతో మొదలు. మూడు నెలలు దాటితే కొత్తవాడికి చెప్పే వరసే: ముందు రెండు వారాలు నడక, రోజూ ముప్ఫై నుంచి నలభై నిమిషాలు, మాటలాడగలిగేంత చురుగ్గా. మాటకు తడుముకోకుండా పూర్తి వాక్యం చెప్పగలిగితే వేగం సరైనదే. పాడగలుగుతుంటే ఇంకొంచెం పెంచొచ్చు. నాలుగు మాటలకొకసారి ఊపిరి తీసుకోవాల్సొస్తుంటే ఎక్కువైనట్టు. గడియారాల్లో చూపించే గుండెవేగం కన్నా తొలి వారాల్లో ఈ కొలతే నమ్మదగింది. 220 లోంచి వయసు తీసేసే పాత సూత్రం ఒక్కో మనిషి విషయంలో పది, పదిహేను దెబ్బలు అటూ ఇటూ అవుతుంది.

ఎందుకు ఆగిందన్నది ఇంకా ముఖ్యం. వానకో పెళ్ళికో ఆగితే పైన చెప్పిన లెక్క చాలు. ఉడుపుల కోసం ఆగినవాళ్ళు మాత్రం విశ్రాంతి తీసుకున్నట్టు కాదు. రోజంతా నడుం వంచి బురదలో నిలబడ్డ మనిషికి వీపు దిగువ కండలు, తొడ వెనక కండలు బిగుసుకుపోయి ఉంటాయి. వాళ్ళు ముందు నాలుగైదు రోజులు నడక, బోర్లా పడుకుని భుజంగాసనంలా ఛాతీ ఎత్తడం, తొడ వెనక భాగం సాగదీయడం చేసి, ఆ తర్వాతే బరువు పట్టాలి.

జ్వరంతో ఆగితే లెక్క పూర్తిగా వేరు. ఇక్కడ నేను కఠినంగా ఉంటాను. మాత్ర వెయ్యకుండా రెండు రోజులు ఒళ్ళు చల్లగా ఉన్నాకే నడక. జ్వరం ఎన్నిరోజులుంటే కనీసం అన్నిరోజులు తేలికపాటి నడకే. మలేరియా వచ్చినవాళ్ళలో ప్లీహం, అంటే ఎడమ పక్కటెముకల కింద ఉండే అవయవం, ఉబ్బి ఉండొచ్చు. ఉబ్బిన ప్లీహం దెబ్బకో గట్టి ఒత్తిడికో పగిలితే ప్రాణాపాయం. డాక్టరు చేత్తో నొక్కి చూసో, స్కాన్ చేయించో సరే అనేదాకా బరువులెత్తడం, కబడ్డీ, కుస్తీ కుదరవు. డెంగ్యూలో జ్వరం దిగిన మొదటి ఒకటి రెండు రోజులే ఎక్కువ ప్రమాదం. జ్వరం తగ్గింది కదా అని ఆ రోజుల్లో లేచి తిరక్కూడదు, ప్లేట్‌లెట్లు మామూలయ్యేదాకా ఆగాలి. టైఫాయిడ్ మూడో వారంలో పేగుకి చిల్లు పడే ప్రమాదం ఉన్న జబ్బు కాబట్టి పొట్ట బిగించే పనులు, లేచి కూర్చునే కసరత్తులు చివర్న మొదలెట్టాలి. చికున్‌గున్యా కీళ్ళనొప్పులు నెలల తరబడి ఉండొచ్చు. అది పూర్తిగా పోయాక చేద్దామని కూర్చుంటే కండ కరిగిపోతుంది. అందుకని సైకిలు, కదలకుండా బిగబట్టే కసరత్తులు నడుపుకుంటూ, గెంతడం, పరిగెత్తడం మాత్రం పక్కన పెట్టాలి.

ఈ ప్రాంతానికి సంబంధించి ఇంకో సంగతి. మా జిల్లా, పక్కన రాయగడ, కోరాపుట్ కొండల్లో జ్వరం తెలియకుండానే ఒంట్లో మలేరియా ఉండేవాళ్ళు ఉన్నారు. ఒడిశా ప్రభుత్వం 2017లో మొదలెట్టిన దమన్ కార్యక్రమంలో మారుమూల ఊళ్ళలో జ్వరం లేనివాళ్ళకి కూడా రక్తపరీక్ష చేసేది అందుకే. ఇలాంటి మలేరియా మెల్లగా రక్తహీనత తెస్తుంది. మూడు వారాలు పద్ధతిగా చేశాక కూడా ఆయాసం తగ్గకపోతే ఇంకా గట్టిగా చెయ్యడం మందు కాదు. హిమోగ్లోబిన్, మలేరియా పరీక్ష చేయించుకోవాలి. సికిల్ సెల్ లక్షణం, అంటే ఎర్రరక్తకణాలు కొడవలిలా వంకరపోయే వంశపారంపర్య గుణం, ఉన్న కుటుంబాలు కూడా దక్షిణ ఒడిశాలో చాలా ఉన్నాయి. మామూలు రోజుల్లో వాళ్ళకి ఏ తేడా తెలియదు. కానీ ఎండలో, నీళ్ళు చాలక, విరామం తర్వాత ఒక్కసారిగా గట్టిగా పరిగెత్తితే కండలు దెబ్బతిని కుప్పకూలే ప్రమాదం మిగతావాళ్ళకన్నా ఎక్కువ. పోలీసు, సైన్యం పరుగుపరీక్షలకి తయారయ్యే కుర్రాళ్ళు ఒక్కసారి సికిల్ సెల్ రక్తపరీక్ష చేయించుకోవడం మంచిది. నోటిఫికేషన్ పడ్డాక మొదటి వారంలోనే 1600 మీటర్లు పూర్తి వేగంతో కొట్టేది వాళ్ళే.

ఇక పరుగు. మూడు నెలలు పైన ఆగితే, రెండు వారాల నడక తర్వాత నేను పాటించే వరస ఇది. రోజు విడిచి రోజు, వారానికి మూడు సార్లు. ముందు ఐదు నిమిషాలు నడక. తర్వాత ఒక నిమిషం నెమ్మది పరుగు, రెండు నిమిషాల నడక, ఇలా ఎనిమిది సార్లు. చివర ఐదు నిమిషాల నడక. రెండో వారం రెండు నిమిషాల పరుగు, రెండు నిమిషాల నడక, ఆరు సార్లు. మూడో వారం మూడు నిమిషాల పరుగు, రెండు నిమిషాల నడక, ఐదు సార్లు. నాలుగో వారం ఏమీ పెంచను. మూడో వారంలో చేసిందే మళ్ళీ చేస్తాను. ఈ నాలుగో వారమే అందరికీ కష్టమనిపిస్తుంది, ఎందుకంటే ఒళ్ళు ఇంకా చేయగలనంటుంది. పట్టీలకి ఆ గడువు ఇవ్వడానికే ఆ వారం. ఐదో వారం ఐదు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక, నాలుగు సార్లు. ఆరో వారం ఆగకుండా ఇరవై నిమిషాలు. నెల మాత్రమే ఆగినవాళ్ళు నేరుగా మూడో వారం నుంచి అందుకోవచ్చు.

పెంచడంలో ఒకటే నియమం: ఎంతసేపు, వారానికి ఎన్నిరోజులు, ఎంత వేగం, ఈ మూడింటిలో ఒక వారంలో ఒక్కటే మారాలి. వేగం చిట్టచివరిది. పరిగెత్తే నేల కూడా నాలుగోదిగా లెక్కెయ్యాలి. మహేంద్రతనయ ఇసుక మెత్తగా ఉంటుంది కాబట్టి కీళ్ళకి మంచిదని చాలామంది దిగుతారు. మెత్తటి ఇసుకలో మడమ లోతుకి దిగబడి పిక్క కండ, మడమ వెనక పట్టీ ఎక్కువ సాగుతాయి. తిరిగొచ్చిన తొలి నెలలో ఆ పట్టీకి అదే వద్దు. పాతపట్నం వైపు తారు రోడ్డు మీద అయితే ఒకే అంచున పరిగెత్తకుండా చూసుకోవాలి. రోడ్డు మధ్యలో ఎత్తుగా, అంచులకి వాలుగా ఉంటుంది. ఎప్పుడూ ఒకే పక్క పరిగెత్తితే ఒక కాలు పల్లంలో, ఇంకో కాలు మెరకలో పడుతూ తుంటి, మోకాలు బయటి వైపు నొప్పి పుడుతుంది. వాహనాలు తిరగని చదునైన మట్టి మైదానం దొరికితే అన్నిటికన్నా అదే మేలు. అక్కడ కూడా చుట్లు ఒక రోజు కుడి నుంచి, ఒక రోజు ఎడమ నుంచి వెయ్యాలి.

బూట్లు మర్చిపోతారు. నాలుగు నెలలు వానాకాలం అటక మీదో మంచం కిందో ఉన్న బూటుకి అడుగు జిగురు వదిలేసి ఉంటుంది, లోపల బూజు పట్టి ఉంటుంది. చేతుల్లోకి తీసుకుని ముందు భాగం వంచి చూడండి. వేళ్ళ దగ్గర వంగాలి. పాదం మధ్యలో మడతపడితే అది పని అయిపోయిన బూటు. మడమ భాగాన్ని బల్ల మీద పెట్టి వెనక నుంచి చూస్తే ఒక పక్కకి ఒరిగి కనబడినా అంతే. పరుగు బూటు సాధారణంగా 500 నుంచి 800 కిలోమీటర్ల దాకా పనిచేస్తుంది. తడిసిన బూట్లని పొయ్యి దగ్గర, ఎర్రటి ఎండలో ఆరబెడితే జిగురు ఇంకా బేగి పోతుంది. లోపల పాత కాగితాలు కూరి నీడలో ఆరనివ్వాలి.

దండీలు, బస్కీల సంగతి కాస్త గట్టిగా చెప్పాలి. ఈ వైపు సాముగరిడీల సంప్రదాయం పాతది. కోడి రామ్మూర్తి నాయుడు పుట్టిన వీరఘట్టం, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 110, 130 కలిపి 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి పుట్టిన ఊసవానిపేట, రెండూ మాకు దగ్గరే. ఆ గర్వం మంచిదే. కానీ ఆ గర్వంతోనే ఆర్నెల్ల తర్వాత వచ్చిన కుర్రాణ్ణి మొదటిరోజే వంద బస్కీలు తియ్యమంటారు. బస్కీలో కిందికి దిగేటప్పుడు తొడ కండ సాగుతూ బరువు మోస్తుంది. అలవాటు తప్పిన కండకి అలా సాగుతూ మోసే పనే ఎక్కువ దెబ్బ. మోతాదు మరీ మించితే కండకణాలు పగిలి, అందులోని పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలకి చేరుతుంది. తొడలు ఉబ్బి రాయిలా అవడం, లేవలేనంత నీరసం, మూత్రం కోలా రంగులో రావడం దాని గుర్తులు. ఇది కనబడితే ఒళ్ళు పట్టించుకోవడాలు, నొప్పి మాత్రలు కాదు, ఆ పూటే ఆస్పత్రికి వెళ్ళాలి. నొప్పి మాత్రలు మూత్రపిండాలకి ఇంకా చెరుపు చేస్తాయి.

నేను మొదటిరోజు ఇచ్చేది పది బస్కీలు రెండు విడతలు, ఐదు దండీలు రెండు విడతలు. దండీ రాకపోతే అరుగు మీద చేతులు పెట్టి, అదీ కష్టమైతే గోడకి చేతులు పెట్టి. ఇంకా ఎన్నో చేయగలిగి ఉండగానే ఆపాలి. ఆ కొద్దిపాటి పనికే కండ తనని తాను సిద్ధం చేసుకుంటుంది. అదే పని వారం తర్వాత చేస్తే నొప్పి సగం కూడా ఉండదు, ఆ రక్షణ కొన్ని వారాలు నిలుస్తుంది. వారానికి ఒక్కో విడతకి ఐదు చొప్పున పెంచితే చాలు. బరువులైతే నెల లోపు విరామానికి పాత బరువులో అరవై శాతం, రెండు మూడు నెలలైతే సగం. ఎనిమిదేసి సార్లు రెండు విడతలు, ప్రతి విడతలో ఇంకో నాలుగు సార్లు ఎత్తగలిగే ఓపిక మిగిలి ఉండాలి. వారానికి రెండున్నర నుంచి ఐదు కిలోలు పెంచుకోవచ్చు. సంక్రాంతికి సంగిడి రాయి ఎత్తుదామనుకునేవాళ్ళు దసరా అయిన వెంటనే మొదలెడితేనే వేళ్ళ పట్టు, నడుం సిద్ధమవుతాయి. గుండ్రటి రాయికి పట్టు దొరకదు కాబట్టి వీపు వంగే ఎత్తాల్సొస్తుంది. ఆ వంపుకి నడుముని ఇసుక బస్తాతో మెల్లగా అలవాటు చెయ్యాలి.

చేసిన వ్యాయామం ఎలా ఉందన్నది ఆ పూట తెలియదు, మర్నాడు పొద్దున్న మంచం దిగేటప్పుడు తెలుస్తుంది. రెండు కాళ్ళకీ సమానంగా, కండ మధ్యలో, నొక్కితే తెలిసే మొద్దు నొప్పి అయితే అది కండ నొప్పి. ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ఎక్కువై తగ్గిపోతుంది. నడిస్తే నయమవుతుంది, తర్వాతి విడత తేలిగ్గా చేయొచ్చు. ఒకే కాలికి, వేలితో చూపించగలిగినంత చోట, మొదటి అడుగుల్లో బిగుసుకుపోయి నడిచాక సర్దుకుంటే అది పట్టీ నొప్పి. దీన్ని పూర్తి విశ్రాంతితో పోగొట్టాలని చూస్తే మొదలెట్టగానే మళ్ళీ వస్తుంది. పరుగు తగ్గించి, మెట్టు అంచున ముంగాళ్ళ మీద లేచి నలభై ఐదు సెకన్లు కదలకుండా నిలబడాలి, ఇలా ఐదు సార్లు. రెండు వారాల తర్వాత నెమ్మదిగా లేవడం దిగడం, పదిహేను చొప్పున మూడు విడతలు. ముందెముక మీద వేలెడంత చోట నొక్కితే ప్రాణం పోయేలా ఉండి, రాత్రిపూట కూడా సలుపుతుంటే అది ఎముకలో సన్నటి బీట కావచ్చు. గెంతడాలన్నీ ఆపి డాక్టరుకి చూపించాలి.

పొద్దున్నే పడక మీద ఉండగా ముంజేతి నాడి నిమిషం పాటు లెక్కపెట్టుకోవడం ఇంకో ఆధారం. మామూలు లెక్క కన్నా పది ఎక్కువుంటే ఆ రోజు నడకతో సరి. నిద్ర చాలకో, నీళ్ళు చాలకో, జ్వరం రాబోతూనో ఉండొచ్చు.

ఎండలకి అలవాటు కూడా విరామంలో పోతుంది. ఎండలో ఓర్చుకునే గుణం రావడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది, నెల్లాళ్ళు ఆపితే చాలావరకు పోతుంది. అందుకే మే నెలలో తిరిగి మొదలెట్టేవాళ్ళు ఊపిరి బాగుందని కాకుండా పొద్దు ఎక్కిందా లేదా అని చూడాలి. మా వైపు గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. సూర్యుడు రాకముందే ముగించడం ఒక్కటే దారి. ముందు రోజు రాత్రి నుంచే నీళ్ళు తాగుతూ ఉండాలి. గంట దాటి చెమట పడితే ఉప్పు కూడా కావాలి. ఓఆర్‌ఎస్ పెద్ద పొట్లం ఒక లీటరు నీళ్ళకి, సగం లీటరుకి కాదు. పొట్లం లేకపోతే లీటరు నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి. ఇంట్లో తరవాణి, ఒడియా ఇళ్ళలో పఖాళ (చద్దన్నం) నీళ్ళు, చోడి (రాగి) అంబలి ఉప్పేసుకుని తాగితే వ్యాయామం తర్వాత చక్కగా సరిపోతాయి. బీపీ ఉన్నవాళ్ళు ఉప్పు విషయం డాక్టర్ని అడగాలి. తిరిగి కండ కట్టాలంటే మాంసకృత్తులు రోజుకి ఒంటి బరువులో కిలోకి ఒకటింబావు నుంచి ఒకటిన్నర గ్రాముల దాకా పడాలి. ఒక గుడ్డుకి ఆరు గ్రాములు, వంద గ్రాముల ఉలవలకి ఇరవై పైన, వేరుశనగకి పాతిక. చోడి, అన్నం మీదే ఆధారపడితే ఆ లెక్క అందదు.

రాబోయే విరామం తెలిసినప్పుడు దాన్ని చిన్నది చెయ్యొచ్చు. బలం నిలబెట్టుకోవడానికి, సంపాదించడానికి చేసినంత చెయ్యక్కర్లేదు. బరువు తగ్గించకుండా విడతలు మూడో వంతుకి తగ్గించినా నెల, నెలన్నర నిలుస్తుంది. వయసు పైబడినవాళ్ళకి ఇంకొంచెం ఎక్కువ కావాలి. ఊపిరి నిలవడానికి వారానికి రెండు పూటలు, కాస్త గట్టిగా. వానలో గది దాటకుండా నేను చేసేది ఇరవై నిమిషాల పని: గడప ఎత్తున మెట్టు మీద మూడు నిమిషాలు ఎక్కి దిగడం, ఒక నిమిషం ఆగడం, మూడు సార్లు, గోడకి వీపానించి కుర్చీలా అర నిమిషం, మూడు సార్లు, దండీలు రెండు విడతలు, భుజాల సంచీలో ఐదు కిలోల బియ్యం వేసుకుని ముంగాళ్ళ మీద లేవడం, పదిహేనేసి రెండు విడతలు. చివరిది వదలొద్దు. వానలు తగ్గి బయటికొచ్చిన రోజు మడమ పట్టీని కాపాడేది అదే.

శివరాత్రికి మహేంద్రగిరి నడిచి ఎక్కి దిగాలనుకునేవాళ్ళకి ఇదంతా ఇంకా ముఖ్యం. 1501 మీటర్ల కొండ అది. ఎక్కడానికి ఊపిరి కావాలి, అది మూడు వారాల్లో వస్తుంది. దిగడానికి తొడలు కావాలి. ప్రతి అడుగులో ఒంటి బరువుని సాగుతున్న కండ ఆపాలి, ఎక్కినవాళ్ళు మర్నాడు మెట్లు దిగలేకపోయేది అందుకే. కనీసం ఆరు వారాల ముందు నుంచి వారానికోసారి మెట్ల మీద నెమ్మదిగా దిగడం సాధన చెయ్యాలి, మొదటి వారం ఐదు నిమిషాలు, తర్వాత వారానికి మూడేసి నిమిషాలు పెంచుతూ. చివరి సాధనకీ కొండకీ మధ్య ఐదు రోజులు ఖాళీ ఉంచుకోవాలి. నలభై దాటినవాళ్ళు, షుగరు, బీపీ ఉన్నవాళ్ళు, నడుస్తుంటే ఛాతీలో బిగుతో, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పో ఎప్పుడైనా తెలిసినవాళ్ళు ఈ వరస మొదలెట్టేముందే గుండె పరీక్ష చేయించుకోవాలి. షుగరుకి ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు విరామంలో పెరిగిన మోతాదుతోనే పరుగుకి దిగితే చక్కెర పడిపోతుంది. మొదటి రెండు వారాలు వ్యాయామానికి ముందూ తర్వాతా చూసుకుని, జేబులో గ్లూకోజ్ పొట్లం పెట్టుకుని రావాలి.